ఒక ఆర్థిక మంత్రి పదవీకాలాన్ని చదవడం ఎలా: నైజీరియాకు చెందిన ఎన్‌గోజి ఒకోంజో-ఇవేలా ఉదాహరణగా

ఆర్థిక మంత్రుల గురించి వచ్చే జీవిత కథనాల్లో చాలావాటికి ఒకే అచ్చు ఉంటుంది. ఎక్కడ పుట్టారు, ఏ విశ్వవిద్యాలయంలో చదివారు, ఏయే పదవులు చేపట్టారు, ఏయే పురస్కారాలు అందుకున్నారు అన్న నాలుగు ముక్కలు వరుసగా చెప్పి, చివర ఒక ప్రశంసో విమర్శో జోడించి ముగిస్తారు. చదివినవారికి ఆ వ్యక్తి ఎంత ఎత్తుకు ఎదిగారో తెలుస్తుంది గాని, ఆ కుర్చీలో కూర్చుని ఏం చేశారో, చేసిన పనిలో ఎంత తమదో, ఎంత కాలం కలిసిరావడం వల్ల జరిగిందో, పదవి దిగిపోయాక అందులో ఎంత మిగిలిందో తెలియదు. ఒక విద్యార్థిగానో వ్యాసకర్తగానో ఇటువంటి జీవితాన్ని అధ్యయనం చేయదలచుకున్నవారు ఎక్కడ మొదలుపెట్టాలి, దేన్ని దేనితో పోల్చి చూడాలి, ఏ అంకె దగ్గర ఆగి ఆలోచించాలి అన్నది ఇక్కడ వివరిస్తాను.

ఉదాహరణగా నైజీరియా ఆర్థికవేత్త ఎన్‌గోజి ఒకోంజో-ఇవేలాను ఎంచుకోవడానికి బలమైన కారణం ఉంది. ఆమె ఒకే దేశానికి రెండుసార్లు ఆర్థిక మంత్రిగా పనిచేశారు: 2003 నుంచి 2006 వరకు అధ్యక్షుడు ఒలుసెగున్ ఒబసాంజో హయాంలో, తిరిగి 2011 నుంచి 2015 వరకు అధ్యక్షుడు గుడ్‌లక్ జొనాథన్ హయాంలో. మనిషి ఒక్కరే, మంత్రిత్వశాఖ ఒక్కటే, కాని అధ్యక్షుడు వేరు, రాజకీయ బలం వేరు, చమురు ధర వేరు. ఒక మంత్రి సామర్థ్యాన్ని పరిస్థితుల నుంచి విడదీసి చూడటానికి ఇంతకన్నా అనువైన సందర్భం అరుదుగా దొరుకుతుంది.

మొదట రెండు గీతలు గీయండి

ఒక తెల్లకాగితం తీసుకుని అడ్డంగా సంవత్సరాలు వేయండి. పైగీత మీద పదవులు గుర్తించండి. 1954 జూన్ 13న, నేటి డెల్టా రాష్ట్రంలోని ఒగ్వాషి-ఉకులో జననం. 1976లో హార్వర్డ్ నుంచి ఆర్థికశాస్త్రంలో పట్టా. 1981లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నుంచి డాక్టరేట్. ఆపై ప్రపంచ బ్యాంకులో ఉద్యోగం. 2003 జూలైలో ఆర్థిక మంత్రి. 2006 జూన్‌లో విదేశాంగ శాఖకు బదిలీ, ఆగస్టులో రాజీనామా. 2007లో ప్రపంచ బ్యాంకు మేనేజింగ్ డైరెక్టర్. 2011లో తిరిగి ఆర్థిక మంత్రి, దానితోపాటు ఆర్థిక వ్యవస్థ సమన్వయ మంత్రి హోదా. 2015 మే నెలలో ప్రభుత్వ మార్పుతో నిష్క్రమణ. 2021 మార్చి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ డైరెక్టర్ జనరల్.

కిందిగీత మీద ముడిచమురు ధర గుర్తించండి. 2003లో పీపా 30 డాలర్లకు కాస్త అటూ ఇటూగా ఉన్న ధర 2006 మధ్యకు 70 డాలర్లు దాటింది. 2011 నుంచి 2014 మధ్య వరకు 100 డాలర్లకు పైనే నడిచి, 2015 జనవరికి 50 డాలర్ల కిందికి పడిపోయింది. నైజీరియా ఎగుమతి ఆదాయంలో తొంభై శాతం వరకు, ప్రభుత్వ రాబడిలో సింహభాగం చమురు నుంచే వచ్చిన కాలమిది. ఈ రెండో గీత లేకుండా ఆ దేశపు ఏ ఆర్థిక మంత్రి గురించి ఏం రాసినా సగమే రాసినట్టు. మొదటి విడతలో ధర ఎక్కుతూ పోయింది, రెండో విడత చివర్లో కూలింది. కాబట్టి మొదటి విడత విజయాన్నీ రెండో విడత ఇబ్బందినీ చూసి వెంటనే తీర్పు చెప్పకండి. ధర ఎక్కుతున్నప్పుడు వచ్చిన డబ్బును ఏం చేశారు, దిగుతున్నప్పుడు చేతిలో ఎంత ఉంది అన్న రెండు ప్రశ్నలను కాగితం పక్కన రాసిపెట్టుకోండి. మిగిలిన పనంతా వాటికి జవాబు వెతకడమే.

బాల్యం నుంచి ఎంత తీసుకోవాలి

జీవితచరిత్రలు రాసేవారు బాల్యం దగ్గర ఎక్కువసేపు ఆగిపోతారు. ఎన్‌గోజి విషయంలో ఆ ఆకర్షణ మరీ బలంగా ఉంటుంది. తల్లిదండ్రులు జర్మనీలో పైచదువుల్లో ఉండగా ఆమె దాదాపు తొమ్మిదేళ్ల వయసు వరకు నానమ్మ దగ్గర పెరిగారు. తరువాత 1967 నుంచి 1970 వరకు సాగిన నైజీరియా అంతర్యుద్ధంలో, అంటే బియాఫ్రా యుద్ధంలో, కుటుంబం సర్వం పోగొట్టుకుంది. మలేరియాతో ప్రాణాపాయంలో ఉన్న చిన్న చెల్లెలిని వీపున కట్టుకుని, వైద్యుడున్న చోటికి మైళ్ల దూరం నడిచి, గుమిగూడిన జనాన్ని దాటి కిటికీలోంచి లోపలికి ఎక్కిన సంగతి ఆమే స్వయంగా సభల్లో చెప్పారు. మనసును కదిలించే ఘటన ఇది. దాన్ని తప్పక చెప్పండి. అయితే 2005 నాటి నిర్ణయాలకు దీన్నే కారణంగా చూపకండి, ఎందుకంటే అదే యుద్ధాన్ని చవిచూసిన మనుషులు పెద్దయ్యాక ఎన్నో విధాలుగా బతికారు.

నిర్ణయాలకు నేరుగా దారితీసే ఆనవాళ్లు చదువులోనూ ఉద్యోగంలోనూ దొరుకుతాయి. ఆమె డాక్టరేట్ సిద్ధాంతవ్యాసం నైజీరియా వ్యవసాయాభివృద్ధిలో రుణవిధానం, గ్రామీణ రుణ విపణుల గురించినది. ఆ తరువాత ప్రపంచ బ్యాంకులో గడిపిన కాలం మొత్తం కలిపితే పాతికేళ్లు. మంత్రి కాకముందే ఆ సంస్థలో ఉపాధ్యక్షురాలిగా, కార్పొరేట్ సెక్రటరీగా పనిచేశారు. అప్పిచ్చేవారు గదిలో కూర్చుని ఏ కాగితాలు అడుగుతారో, ఏ మాటకు తల ఊపుతారో, ఏ అంకెను అనుమానిస్తారో ఇన్నేళ్లు దగ్గరగా చూసిన వ్యక్తి అప్పు తీసుకున్న దేశం తరఫున బల్లకు అవతల కూర్చోవడమే ఆమె తొలి పదవీకాలంలో అసలు విశేషం. ఆ అనుభవాన్నే విమర్శకులు తప్పుగానూ పట్టారు, ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి వంటి వాషింగ్టన్ సంస్థల ఆలోచనను దేశంలోకి మోసుకొచ్చారన్నారు. రెండు మాటలకూ మూలం ఒక్కటే కనుక రెండూ ఒకే పేరాలో రాయడం సబబు.

అధికారం ఎక్కడితో ఆగుతుందో చూడండి

ఏ మంత్రి గురించైనా రాసేముందు ఆ దేశ రాజ్యాంగంలో డబ్బు ఎవరి చేతుల మీదుగా పోతుందో తెలుసుకోవాలి. నైజీరియా సమాఖ్య దేశం. కేంద్రం, 36 రాష్ట్రాలు, 774 స్థానిక ప్రభుత్వాలు చమురు రాబడిని పంచుకుంటాయి. రాజ్యాంగంలోని 162వ విభాగం ప్రకారం సమాఖ్య రాబడి ఒక ఉమ్మడి ఖాతాలో జమ కావాలి. నెలనెలా దాన్ని పంచడానికి కేంద్ర, రాష్ట్ర ప్రతినిధులతో ఒక కమిటీ ఉంటుంది. అంటే చమురు ధర పెరిగిన నెలలో అదనంగా వచ్చిన సొమ్మును దాచాలంటే ఆర్థిక మంత్రి ఒక్కరు నిర్ణయిస్తే చాలదు, గవర్నర్లు ఒప్పుకోవాలి. నైజీరియా గవర్నర్లు ఎన్నికైనవారు, తమ రాష్ట్రాల్లో తిరుగులేని అధికారం ఉన్నవారు.

ఈ నేపథ్యంలో 2004లో వచ్చిన మార్పు విలువ అర్థమవుతుంది. బడ్జెట్‌ను చమురు అసలు ధర మీద కాకుండా, ముందుగా జాగ్రత్తగా వేసుకున్న ఒక అంచనా ధర మీద తయారుచేయడం మొదలుపెట్టారు. ఆ ఏడాది బడ్జెట్‌కు పీపా 25 డాలర్లుగా లెక్క వేశారు. మార్కెట్లో సగటు ధర 38 డాలర్ల దాకా వెళ్లింది. మధ్య ఉన్న తేడా అదనపు ముడిచమురు ఖాతా అన్న పేరుతో పక్కకు పోయింది. ఒక సామాన్య గృహస్థు పంట బాగా పండిన ఏడాది గింజలు గాదెలో పోసినట్టే ఇది, కాకపోతే ఆ గాదె తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది ఎన్నడూ తేలలేదు. ఆ ఖాతాకు ఆధారం రాజకీయ అంగీకారమే. 2007లో ఆర్థిక బాధ్యత చట్టం వచ్చినా రాష్ట్రాలను అది పూర్తిగా కట్టిపెట్టలేకపోయింది, ఆ ఖాతా రాజ్యాంగ విరుద్ధమని గవర్నర్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు.

ఈ ఘట్టంలో నాకు అన్నిటికన్నా మిన్నగా తోచే పని చాలా చిన్నది. అదే 2004లో, ప్రతి నెలా ఏ రాష్ట్రానికి, ఏ స్థానిక ప్రభుత్వానికి ఎంత సొమ్ము వెళ్లిందో ఆర్థిక మంత్రిత్వశాఖ పత్రికల్లో ప్రకటించడం మొదలుపెట్టింది. దానికి కొత్త చట్టం అక్కరలేదు, అప్పు అక్కరలేదు. తమ ఊరి బడికి పైకప్పు ఎందుకు లేదని అడిగే పౌరుడి చేతికి మొదటిసారిగా ఒక అంకె దొరికింది. మీరు అధ్యయనం చేసే మంత్రి జీవితంలో కూడా ఇటువంటి ఖర్చులేని చర్యల కోసం ప్రత్యేకంగా వెతకండి, ఎందుకంటే మంత్రి సొంత తీర్పు ఎక్కువగా కనిపించేది వీటిలోనే.

ఒక పెద్ద నిర్ణయాన్ని పెన్సిలుతో లెక్కించండి

ఎన్‌గోజి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది పారిస్ క్లబ్ రుణ ఒప్పందం. "1,800 కోట్ల డాలర్ల అప్పు మాఫీ చేయించారు" అన్న ఒక్క వాక్యంతో చాలా వ్యాసాలు దాటేస్తాయి. ఆ వాక్యం తప్పు కాదు గాని, దాన్ని విప్పి చూడకుండా రాస్తే పాఠకుడికి దక్కేది శూన్యం.

మొదట అప్పు ఎలా పుట్టిందో రాయండి. చమురు ధర బాగున్న రోజుల్లో, ఆ తరువాత 1980ల్లో తీసుకున్న రుణాలు, ధర పడిపోయాక కట్టలేని బకాయిలుగా మారాయి. వడ్డీ మీద వడ్డీ, ఆలస్యానికి జరిమానా కలిసి, సైనిక ప్రభుత్వాల కాలమంతా కొండలా పెరిగాయి. 2005 నాటికి ధనిక దేశాల ప్రభుత్వాల కూటమి అయిన పారిస్ క్లబ్‌కు నైజీరియా చెల్లించవలసింది సుమారు 3,000 కోట్ల డాలర్లు.

ఆ తరువాత ఒప్పందాన్ని మెట్టు మెట్టుగా చూడండి. నైజీరియా ముందుగా బకాయిలన్నీ చెల్లించింది. అందుకు ప్రతిగా అర్హమైన అప్పులో మూడోవంతు, అంటే 33 శాతం రద్దయింది. ఆపై అంతర్జాతీయ ద్రవ్యనిధి తొలి సమీక్ష ముగిశాక మరో 34 శాతం రద్దయింది. మిగిలిన భాగాన్ని నైజీరియా తగ్గింపు ధరకు తానే తిరిగి కొనేసింది. 2006 ఏప్రిల్‌తో లెక్క ముగిసింది. మొత్తం మీద పోయిన అప్పు సుమారు 1,800 కోట్ల డాలర్లు, చెల్లించినది సుమారు 1,240 కోట్ల డాలర్లు. ఆ 1,240 కోట్లు ఎక్కడివి అని అడిగితే జవాబు మీరు గీసిన కిందిగీత మీదే ఉంది: పెరిగిన చమురు ధర, ఆ పెరుగుదలను ఖర్చుచేయకుండా ఆపిన అంచనా ధర నియమం. ధర పెరగకపోతే ఒప్పందం లేదు. పెరిగిన సొమ్ము దాచకపోయినా ఒప్పందం లేదు. మొదటిది అదృష్టం, రెండోది ఆ బృందం పని. ఈ విభజన చేయగలిగితే మీ వ్యాసానికి వెన్నెముక దొరికినట్టే.

రుణదాతలు ఎందుకు ఒప్పుకున్నారన్నది మూడో ప్రశ్న. ద్రవ్యనిధితో ఒక కార్యక్రమం లేనిదే పారిస్ క్లబ్ మాఫీ గురించి మాట్లాడదు. ప్రభుత్వ ఖర్చులు, సబ్సిడీలు తగ్గించే షరతులతో 1986లో మొదలైన నిర్మాణాత్మక సర్దుబాటు కార్యక్రమం మిగిల్చిన చేదు జ్ఞాపకాల వల్ల నైజీరియా ప్రజలు మరోసారి ద్రవ్యనిధి రుణాన్ని సహించే స్థితిలో లేరు. ఈ చిక్కుముడికి దొరికిన పరిష్కారం తెలివైనది. నైజీరియా 2004లో తాను రాసుకున్న నీడ్స్ అన్న ఆర్థిక సాధికారత, అభివృద్ధి వ్యూహాన్నే ద్రవ్యనిధి ముందు పెట్టింది. ద్రవ్యనిధి డబ్బేమీ ఇవ్వకుండా ఆ వ్యూహం అమలును మాత్రం పర్యవేక్షించి, బాగుందని ధ్రువీకరించడానికి అంగీకరించింది. విధాన మద్దతు సాధనం అని పిలిచే ఆ ఏర్పాటును 2005 అక్టోబరులో ప్రపంచంలో మొట్టమొదట వాడుకున్నది నైజీరియాయే. దీనికి తోడు ప్రపంచ బ్యాంకు వద్ద నైజీరియా వర్గీకరణ కూడా మారి, అతి తక్కువ వడ్డీ రుణాలకు మాత్రమే అర్హమైన పేద దేశంగా నమోదు కావడం పెద్ద మాఫీకి దారి తెరిచింది.

వ్యతిరేక వాదాన్నీ పూర్తి బలంతో రాయండి. పసిపిల్లల మరణాలు అంత ఎక్కువగా ఉన్న దేశం 1,240 కోట్ల డాలర్ల నగదును ధనిక దేశాలకు పంపడం న్యాయమేనా అన్న ప్రశ్న ఆనాడే వచ్చింది, నేటికీ అది తీసిపారేయదగినది కాదు. దానికి ఎదురుగా పెట్టదగిన వాస్తవం ఏమిటంటే, ఒప్పందం వల్ల వడ్డీ, వాయిదాల్లో ఏటా సుమారు 100 కోట్ల డాలర్లు మిగిలాయి, ఆ సొమ్ము ఆరోగ్యం, విద్య, నీటి పథకాల్లో ఎక్కడ ఖర్చవుతున్నదో విడిగా గుర్తించే ఏర్పాటు కూడా చేశారు. 2006లో నైజీరియాకు తొలిసారిగా అంతర్జాతీయ పరపతి రేటింగ్ వచ్చింది, ఫిచ్, స్టాండర్డ్ అండ్ పూర్స్ రెండూ బీబీ మైనస్ (పెట్టుబడికి సురక్షితమనిపించుకునే స్థాయికి కొంత కింది మెట్టు) ఇచ్చాయి. రెండు పక్షాల అంకెలూ పాఠకుడి ముందుంచండి.

పేరు ఎవరికి చెందుతుందో విడదీయండి

ఆ రోజుల్లో నైజీరియాలో జరిగిన ప్రతి సంస్కరణనూ ఎన్‌గోజి ఖాతాలో వేసే వ్యాసాలు కనిపిస్తాయి. అది ఆమెకూ న్యాయం చేయదు, ఇతరులకూ చేయదు. బ్యాంకుల కనీస మూలధనాన్ని 200 కోట్ల నైరాల (నైరా ఆ దేశ కరెన్సీ) నుంచి 2,500 కోట్ల నైరాలకు పెంచి, 89 బ్యాంకులను 25కు కుదించినది కేంద్ర బ్యాంకు గవర్నర్ చార్లెస్ సొలుడో. ప్రభుత్వ కొనుగోళ్లలో ధరల పరిశీలనను పట్టుదలగా అమలుచేసి "మేడమ్ డ్యూ ప్రాసెస్" అనిపించుకున్నది ఒబి ఎజెక్వెసిలి. ఆర్థిక నేరాల కమిషన్‌ను నడిపినది నుహు రిబాదు. వీరందరికీ రక్షణగా నిలిచినది ఒబసాంజో, ఆయన అండ తగ్గిన రోజున ఎవరి పని అయినా ఆగిపోయేదే. ఆర్థిక మంత్రిగా ఆ బృందానికి నాయకత్వం వహించడం, రుణ చర్చలు నడపడం, బడ్జెట్ నియమాన్ని కాపాడటం, సైనిక పాలకుడు సాని అబాచా దోచి స్విట్జర్లాండ్‌లో దాచిన సొమ్ములో దాదాపు 50 కోట్ల డాలర్లు వెనక్కి రప్పించే కృషిలో పాలుపంచుకోవడం ఆమె వాటా. ఇలా క్రియాపదాలను జాగ్రత్తగా ఎంచుకుంటే సగం వివాదాలు తలెత్తవు: "చేశారు", "నడిపారు", "మద్దతిచ్చారు", "ఆమె కాలంలో జరిగింది" అన్నవి నాలుగు వేర్వేరు మాటలు.

అండ గురించి చెప్పుకున్నాం కనుక 2006 మధ్యలో జరిగినదాన్ని కూడా ఆ కోణంలోనే చదవాలి. రుణ ఒప్పందం పూర్తయిన రెండు నెలలకే ఆమెను విదేశాంగ శాఖకు మార్చారు. ఆ రెండు శాఖలనూ నిర్వహించిన తొలి నైజీరియా మహిళ అయ్యారు గాని, ఆగస్టులోనే రాజీనామా చేశారు.

రెండో విడతను అంతే శ్రద్ధతో చదవండి

మొదటి విడత మీద పది పేజీలు రాసి రెండో విడతను ఒక పేరాలో ముగించడం చాలామంది చేసే పొరపాటు. నిజానికి నేర్చుకోవలసింది రెండోదాన్లోనే ఎక్కువ.

2012 జనవరి 1న నైజీరియా ప్రభుత్వం పెట్రోలు సబ్సిడీ ఎత్తివేసింది. లీటరు 65 నైరాల నుంచి ఒక్కసారిగా 140 నైరాలు దాటింది. ఇది చమురు పండించే దేశం, కాని శుద్ధి కర్మాగారాలు సరిగా పనిచేయక అప్పట్లో పెట్రోలు దిగుమతి చేసుకున్న దేశం. చవక పెట్రోలు తప్ప ప్రభుత్వం నుంచి తమకు మరేమీ అందడం లేదని సామాన్యులు భావించే దేశం. లేగోస్‌లోని ఒజోటా మైదానంలో వేలాది జనం చేరారు, కార్మిక సంఘాలు జనవరి 9 నుంచి దేశవ్యాప్త సమ్మె చేశాయి, వారం తిరిగేసరికి ప్రభుత్వం ధరను 97 నైరాలకు తగ్గించింది. లెక్కల ప్రకారం సంస్కరణ సరైనదే: 2011లో సబ్సిడీకి 24,500 కోట్ల నైరాలు కేటాయించగా, ఖర్చు 2 లక్షల కోట్ల నైరాలు దాటినట్టు పార్లమెంటు విచారణలో తేలింది. అయితే ఆ భారీ తేడాకు కారణమైన దొంగ బిల్లుల సంగతి ముందు తేల్చకుండా, కొత్త సంవత్సరం మొదటి రోజున ప్రజల మీద భారం వేయడం రాజకీయంగా తప్పు అడుగని నా అభిప్రాయం. ప్రభుత్వం బిల్లుల పరిశీలనకు కమిటీ వేసి, నిరూపణ లేని చెల్లింపులు ఆపినది ఆ తరువాతే.

ఆ చెల్లింపులు ఆపడానికి ఆమె ఇచ్చిన మూల్యం వింటే ఒళ్లు జలదరిస్తుంది. 2012 డిసెంబరు 9న, ఎనభై ఏళ్లు దాటిన ఆమె తల్లి, సామాజికశాస్త్ర ఆచార్యులు కమేనే ఒకోంజోను ఒగ్వాషి-ఉకులోని ఇంటి నుంచి దుండగులు ఎత్తుకుపోయారు. కూతురు పదవికి రాజీనామా చేయాలన్నది వారి కోరికల్లో ఒకటి. ఐదు రోజుల తరువాత తల్లి ప్రాణాలతో బయటపడ్డారు, కూతురు రాజీనామా చేయలేదు. ఒక ఆర్థిక మంత్రి సంతకానికి ఉండే బరువు బడ్జెట్ పత్రాలు చదివితే తెలియదు, ఇక్కడ తెలుస్తుంది.

ఇక ఆ గాదె సంగతి. 2008 నాటికి అదనపు ముడిచమురు ఖాతాలో దాదాపు 2,000 కోట్ల డాలర్లు ఉండేవి, ఆ ఏటి ప్రపంచ సంక్షోభంలో దేశాన్ని అవే ఆదుకున్నాయి. ఆమె తిరిగి వచ్చేనాటికి అందులో చాలాభాగం ఖర్చయిపోయింది. 2012 చివరికి మళ్లీ 900 కోట్ల దగ్గరికి పెరిగినా, గవర్నర్ల ఒత్తిడితో పంపకాలు సాగి, 2015లో ఆమె పదవి వీడేనాటికి సుమారు 200 కోట్లే మిగిలాయి. అంటే చమురు వంద డాలర్లున్న మూడేళ్లలో గాదె నిండలేదు, ధర కూలినప్పుడు గాదెలో తగినన్ని గింజలు లేవు. విమర్శకులు ఆమెను నిందిస్తారు. ఆమె గవర్నర్లను చూపుతారు. 162వ విభాగం చదివిన పాఠకుడికి ఆమె మాటలో బలం కనిపిస్తుంది, అయితే "ఆర్థిక వ్యవస్థ సమన్వయ మంత్రి" అన్న బిరుదు ఎంత అధికారాన్ని సూచిస్తుందో అంత అధికారం ఆమె చేతిలో లేదన్న సంగతి కూడా తేటతెల్లమవుతుంది. చట్టబద్ధంగా ఏర్పడి 100 కోట్ల డాలర్లతో మొదలైన సార్వభౌమ సంపద నిధి (ప్రభుత్వ పొదుపును పెట్టుబడిగా పెట్టే నిధి) మాత్రం నేటికీ నిలిచి ఉంది, అదే పాత ఖాతాలో 2023 నాటికి 5 లక్షల డాలర్లు కూడా లేవు. అంగీకారం మీద నిలిచినదానికీ చట్టం మీద నిలిచినదానికీ తేడాను ఈ రెండు అంకెలు చెబుతున్నంత సూటిగా మరేవీ చెప్పలేవు.

అంకెల విషయంలో ఇంకొక జాగ్రత్త. 2014 ఏప్రిల్‌లో నైజీరియా గణాంక సంస్థ స్థూల దేశీయోత్పత్తి లెక్కకు ఆధార సంవత్సరాన్ని 1990 నుంచి 2010కి మార్చింది. 2013 ఉత్పత్తి ఒక్కరోజులో 89 శాతం పెరిగి 51,000 కోట్ల డాలర్ల దగ్గరికి చేరింది, దక్షిణాఫ్రికాను దాటి నైజీరియా ఆ ఖండంలో అతిపెద్ద ఆర్థిక వ్యవస్థగా నిలిచింది. అంతకుముందు లెక్కల్లో దాదాపు కనిపించని టెలిఫోన్ రంగం, నాలీవుడ్ సినిమా రంగం మొదటిసారిగా తమ అసలు పరిమాణంలో కనిపించాయి. ఇది అబద్ధపు లెక్క కాదు, ఎన్నడో జరగవలసిన దిద్దుబాటు. కాని ఆ రోజున ఏ నైజీరియా పౌరుడి జేబులోనూ ఒక్క నైరా పెరగలేదు. ఉత్పత్తితో పోల్చిన అప్పు శాతం తగ్గి ఆకర్షణీయంగా కనిపించింది. పన్ను రాబడి శాతం కూడా అంతే తగ్గి, ఎంత తక్కువ పన్ను వసూలవుతున్నదో బయటపెట్టింది. కాబట్టి "ఆమె కాలంలో ఆఫ్రికాలో అతిపెద్ద ఆర్థిక వ్యవస్థ అయింది" అని రాసేవారు ఆ పక్కనే ఆధార సంవత్సరం మార్పును పేర్కొనకపోతే అది తప్పుదోవ పట్టించినట్టే.

రెండు పక్షాల మాటలూ పక్కపక్కన పెట్టండి

ఎన్‌గోజి తన రెండు పదవీకాలాల మీదా పుస్తకాలు రాశారు, ఒకటి 2012లో, మరొకటి 2018లో వచ్చాయి. గదిలో ఏం జరిగిందో తెలుసుకోవడానికి వాటిని మించిన ఆధారం లేదు, అయితే అవి తన పక్షాన చెప్పిన సాక్ష్యమన్న ఎరుక కూడా ఉండాలి. సాక్ష్యాన్ని పరీక్షించడానికి ఒక వివాదాన్ని ఎంచుకుని మూడు వైపుల నుంచి చదవండి. 2013-14లో కేంద్ర బ్యాంకు గవర్నర్ లామిడో సనూసి, జాతీయ చమురు సంస్థ ఖజానాకు జమ చేయని సొమ్ము ఉందని ఆరోపించారు. మొదట 4,980 కోట్ల డాలర్లన్న అంకె, చివరకు 2,000 కోట్ల దగ్గరికి వచ్చింది. ఆర్థిక మంత్రిత్వశాఖ లెక్క 1,080 కోట్లు. సనూసిని 2014 ఫిబ్రవరిలో అధ్యక్షుడు సస్పెండ్ చేశారు. ఎన్‌గోజి కోరిన ఫోరెన్సిక్ ఆడిట్‌ను (అవకతవకలు పట్టుకోవడానికి చేసే లోతైన లెక్కల తనిఖీని) ప్రైస్‌వాటర్‌హౌస్ కూపర్స్ చేసి, కనీసం 148 కోట్ల డాలర్లు చమురు సంస్థ తిరిగి కట్టాలని చెప్పింది. ఈ నాలుగు అంకెలు నాలుగు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఒక్కొక్కటి ఏ కాలానికి, ఏ రాబడికి సంబంధించినదో విడదీసి రాయండి. ఎవరు నిజం చెప్పారన్న తీర్పుకు తొందరపడనక్కరలేదు. ఆడిట్ కోరడం, అధ్యక్షుడిని బహిరంగంగా ఎదిరించడం ఒకటి కాదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఆమె మొదటిది చేశారు.

మంత్రి పదవి తరువాతి ఘట్టాలను క్లుప్తంగా చెప్పినా సరిపోతుంది. 2012లో ప్రపంచ బ్యాంకు అధ్యక్ష పదవికి పోటీచేసినప్పుడు అమెరికా అభ్యర్థి జిమ్ యోంగ్ కిమ్ ఎంపికయ్యారు. 2020లో వాణిజ్య సంస్థ పదవికి అత్యధిక దేశాలు ఆమెవైపు మొగ్గినా అమెరికా అడ్డుపడింది. మరుసటి ఏడాది అక్కడ ప్రభుత్వం మారాక దారి తెరుచుకుంది. ఆ పదవిలో తొలి మహిళ, తొలి ఆఫ్రికన్ ఆమే. 2022 జూన్‌లో జెనీవాలో కుదిరిన చేపలవేట సబ్సిడీల ఒప్పందం 2025 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. ఈ భాగం రాసేటప్పుడు మళ్లీ అధికారం హద్దు చూడండి: డైరెక్టర్ జనరల్‌కు ఓటు ఉండదు, సభ్యదేశాలను ఒప్పించడమే పని.

పెట్రోలు సబ్సిడీ మాత్రం మరోసారి తిరిగి చూడదగినది. 2012లో వెనక్కి తగ్గిన ఆ నిర్ణయాన్ని 2023 మే 29న, ప్రమాణస్వీకారం చేసిన రోజునే, అధ్యక్షుడు బోలా టినుబు ప్రకటించారు. పదకొండేళ్ల ఆలస్యానికి దేశం చెల్లించిన ధర ఎంత, 2012లోనే నిలబడి ఉంటే ఏమయ్యేది అన్నది మీ వ్యాసంలో ఒక మంచి చర్చ కాగలదు.

ఇదే పద్ధతిని మరొకరికి వర్తింపజేసేటప్పుడు కిందిగీత మార్చుకోవాలి. 1997 నుంచి 2005 వరకు రువాండా ఆర్థిక మంత్రిగా పనిచేసి, ఆపై పదేళ్లు ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకును నడిపిన డొనాల్డ్ కబెరుకా విషయంలో చమురు గీతకు అర్థం లేదు. అక్కడ గీయవలసింది విదేశీ సహాయం ఏటేటా ఎంత వచ్చిందన్న గీత. 1996 నుంచి 2009 వరకు దక్షిణాఫ్రికా బడ్జెట్‌ను చూసిన ట్రెవర్ మాన్యుయెల్‌కు పన్ను రాబడి గీత కావాలి, దాని పక్కనే 1999 నుంచి పన్నుల శాఖను నడిపిన ప్రవీణ్ గోర్ధన్ పేరు కూడా రాసుకోవాలి.